కరెంటు వైద్యం మధ్యలో ఆపవద్దు



ఉదయగిరి, సీతారామపురం, మర్రిపాడు, అనంతసాగరం, ఆత్మకూరు వైపు గ్రామాల నుంచి మా ఓ.పి.కి వచ్చే అక్కచెల్లెళ్ళలో గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ ఉన్నట్లు తేలినవారిని మేము తిరుపతికో, వేలూరుకో, చెన్నైకో పంపుతుంటాము. ఈ జబ్బుకు కరెంటు మిషను ఉన్న పెద్దాసుపత్రిలోనే పూర్తి వైద్యం దొరుకుతుంది. వెళ్ళినవారిలో చాలామంది వైద్యం పూర్తి చేసుకుని తిరిగి వచ్చి మమ్మల్ని పలకరిస్తారు. కొందరు మాత్రం మూడు నాలుగు వారాలకే ఇల్లు చేరుకుంటారు. ఎందుకమ్మా అని అడిగితే, "రక్తం పోవడం ఆగిపోయింది, నొప్పి కూడా లేదు, ఇక చాలనుకున్నాము" అంటారు. "మనవరాలి పెళ్ళి ఉంది", "పొగాకు బ్యారన్ పనులు మొదలయ్యాయి", "గేదెలను చూసేవారు లేరు" అని మరికొందరు చెబుతారు. ఈ వ్యాసం వారి కోసం, వారి ఇంటివారి కోసం రాస్తున్నాము.

మేము చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇది. ఈ క్యాన్సర్ కొంత ముదిరిన తర్వాత కూడా నయమయ్యే అవకాశం ఉంది. అయితే కరెంటు మొదలుపెట్టిన రోజు నుంచి 8 వారాల లోపల వైద్యం అంతా పూర్తి కావాలి. సగం వైద్యం సగం ఫలితం ఇస్తుందని అనుకోవద్దు. చాలాసార్లు అది ఏ ఫలితమూ ఇవ్వకుండానే పోతుంది.

ఇది ఎలాంటి జబ్బు?

గర్భసంచి కింది భాగాన్ని ముఖద్వారం అంటారు. అక్కడ వచ్చే క్యాన్సర్‌కు దాదాపు ప్రతిసారీ కారణం హెచ్.పి.వి. అనే వైరస్. ఇది దాంపత్య సంబంధం ద్వారా సోకుతుంది. పెళ్ళయిన ఆడవారిలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది, ఎక్కువమందిలో దానంతట అదే పోతుంది. కొద్దిమందిలో మాత్రం ఏళ్ళ తరబడి నిలిచిపోయి, 10 నుంచి 20 ఏళ్ళకు క్యాన్సర్‌గా మారుతుంది. కాబట్టి ఈ జబ్బు వచ్చిన స్త్రీని అనుమానంగా చూడటం తప్పు. ఇది ఎవరి పాపానికీ శిక్ష కాదు. ఈ క్యాన్సర్ అంటువ్యాధి కూడా కాదు. ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా, బట్టలు కలిపి ఉతికినా ఎవరికీ రాదు.

2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే 1 లక్షా 27 వేల మందికి పైగా స్త్రీలకు ఈ క్యాన్సర్ వచ్చింది. సుమారు 80 వేల మంది చనిపోయారు. ఆడవారి క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సర్ తర్వాత స్థానం దీనిదే.

లక్షణాలు ఇవి: ముట్లుడిగిన తర్వాత మళ్ళీ రక్తం కనిపించడం, భార్యాభర్తలు కలిసిన తర్వాత రక్తం పడటం, నెల మధ్యలో రక్తం కనిపించడం, దుర్వాసనతో కూడిన తెల్లబట్ట, తగ్గని నడుము నొప్పి, పొత్తికడుపు నొప్పి. వీటిలో ఏది ఉన్నా సిగ్గుపడకుండా వచ్చి చూపించుకోండి.

ఇక్కడే ఒక హెచ్చరిక. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16 ప్రకారం గర్భసంచి తీయించుకున్న స్త్రీలు దేశంలోనే మన ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కువ. తెల్లబట్ట అనగానే గర్భసంచి తీయించుకోవద్దు. ముందు ముఖద్వారం పరీక్ష చేయించుకోండి. లోపల క్యాన్సర్ ఉన్న సంగతి తెలియకుండా మామూలు ఆపరేషన్ చేస్తే జబ్బు లోపలే మిగిలిపోతుంది, ఆ తర్వాత చేసే వైద్యం మరింత కష్టమవుతుంది.

3వ దశ అంటే ఇక ఆశ లేనట్లేనా?

కాదు. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు 2003 నుంచి 2011 వరకు ఈ జబ్బు 3బి దశలో ఉన్న 850 మంది స్త్రీలపై ఒక పెద్ద పరిశోధన చేశారు. 3బి అంటే జబ్బు కటి ఎముకల గోడ దాకా పాకిన దశ, లేదా మూత్రం దిగే దారిని నొక్కి మూత్రపిండాన్ని దెబ్బతీసిన దశ. సగం మందికి కరెంటు ఒక్కటే ఇచ్చారు. మిగతా సగం మందికి కరెంటుతో పాటు వారానికి ఒకసారి సిస్‌ప్లాటిన్ అనే మందును సెలైను ద్వారా ఎక్కించారు. 2018లో ఫలితాలు ప్రచురించారు. కరెంటు ఒక్కటే తీసుకున్న ప్రతి 100 మందిలో 46 మంది 5 ఏళ్ళ తర్వాత జీవించి ఉన్నారు. మందు కూడా తీసుకున్నవారిలో 100కు 54 మంది ఉన్నారు.

అంటే 3బి దశలో వచ్చినా పూర్తి వైద్యం తీసుకుంటే సగానికి పైగా స్త్రీలు 5 ఏళ్ళు దాటుతున్నారు. 1వ, 2వ దశలలో వచ్చినవారికి అవకాశం ఇంకా ఎక్కువ. మిగిలిన 46 మంది సంగతి మేము దాచడం లేదు. అందరికీ నయం కాదు. నయం కానివారికి కూడా నొప్పి, రక్తస్రావం, వాసన తగ్గించే వైద్యం ఉంది. అయితే 3వ దశ అన్న మాట విని ఊరికి తిరిగి వచ్చేవారు ఆ 54 మందిలో చేరే అవకాశాన్ని తమంతట తామే వదులుకుంటున్నారు.

కరెంటు ఎలా పెడతారు?

రేడియేషన్ వైద్యాన్ని మన ప్రాంతంలో అందరూ "కరెంటు పెట్టడం" అంటారు. నిజానికి ఇందులో కరెంటు షాకు ఉండదు. ఇది ఎక్స్‌రే వంటి కిరణాలతో చేసే వైద్యం. ఎక్స్‌రే తీసేటప్పుడు నొప్పి తెలియనట్లే ఇది కూడా తెలియదు.

ఈ వైద్యంలో మూడు భాగాలు ఉంటాయి.

1. బయటి కరెంటు: సోమవారం నుంచి శుక్రవారం వరకు రోజుకు ఒకసారి, సుమారు 5 వారాలు. బల్లమీద కొన్ని నిమిషాలు కదలకుండా పడుకుంటే చాలు. చర్మం మీద వేసిన గుర్తులను చెరపవద్దు.

2. వారానికి ఒకసారి మందు: కరెంటు బాగా పనిచేయడానికి సెలైనులో ఇచ్చే సిస్‌ప్లాటిన్. మూత్రపిండాలు సరిగా ఉన్నవారికే ఇస్తారు. అందుకే ప్రతి వారం రక్తపరీక్ష చేస్తారు.

3. లోపలి కరెంటు: సన్నని గొట్టాలను ముఖద్వారం లోపల అమర్చి, గడ్డకు ఆనించి కిరణాలు ఇస్తారు. సాధారణంగా 3 లేక 4 సార్లు చేస్తారు. నొప్పి తెలియకుండా మత్తు ఇస్తారు. పని అయ్యాక గొట్టాలు తీసేస్తారు. ఒంట్లో ఏ కిరణాలూ మిగలవు. ఇంటికి వచ్చి చంటిబిడ్డను కూడా ఎత్తుకోవచ్చు.

చాలామంది తప్పించుకునేది ఈ మూడవ భాగాన్నే. బయటి కరెంటు అయిపోగానే వైద్యం అయిపోయిందనుకుంటారు, లేదా లోపలి కరెంటు అంటే భయం, సిగ్గు. కాని గడ్డ వేరు మీద దెబ్బకొట్టేది ఇదే. మూత్రసంచికి, పేగుకు హాని లేకుండా బయటినుంచి ఇవ్వగలిగిన కిరణాలకు ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటి గడ్డకు అందవలసిన మోతాదు లోపలి కరెంటు ద్వారానే అందుతుంది.

8 వారాలు ఎందుకు?

చేలో తుంగ తీసే రైతుకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. పైన కోసి వదిలేస్తే కింద గడ్డ నుంచి తుంగ ఇంకా గుబురుగా లేస్తుంది. క్యాన్సర్ కణాలు కూడా అంతే. కరెంటు మొదలైన కొన్ని వారాలకు చావగా మిగిలిన కణాలు మునుపటికంటే వేగంగా పెరగడం మొదలుపెడతాయి. రోజూ కరెంటు పడుతూ ఉంటేనే వాటిని అణచగలము. మధ్యలో పది రోజులు ఆపితే ఆ పది రోజులూ వాటికి లాభం.

1990ల నుంచి పలు దేశాలలో జరిగిన అధ్యయనాలు ఒకే సంగతి చెప్పాయి. వైద్యం సుమారు 8 వారాలు, అంటే 56 రోజులు దాటి సాగితే, ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకూ జబ్బు అదుపులో ఉండే అవకాశం సుమారు అర శాతం నుంచి 1 శాతం దాకా తగ్గుతూ పోతుంది. ఒక్కరోజుకు ఇది చిన్న లెక్కే. నెల రోజులు ఇంట్లో ఉండి వస్తే మాత్రం చిన్న లెక్క కాదు.

అందుకే మొదటి సిట్టింగు రోజున గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టండి. 56వ రోజును కూడా లెక్కపెట్టి గుర్తు పెట్టండి. జూన్ 1న మొదలైతే జూలై 26 నాటికి లోపలి కరెంటుతో సహా అంతా అయిపోవాలి. మిషను చెడిపోవడం వల్లనో, జ్వరం వల్లనో ఒకటి రెండు రోజులు పోతే భయపడవద్దు. ఆ రోజులను ఎలా సరిచేస్తారని డాక్టరుగారిని అడగండి. సెలవు రోజున సిట్టింగు ఇచ్చి లేదా మరో విధంగా వారు సరిచేయగలరు.

రెండవ, మూడవ వారంలో రక్తం ఆగిపోవడం మంచి గుర్తు. మందు పనిచేస్తోందని దాని అర్థం. జబ్బు పోయిందని అర్థం కాదు.

కొత్తగా వచ్చిన పరిశోధనలు

2024లో ఇంటర్‌లేస్ అనే పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. ఇందులో బ్రిటన్, మెక్సికో, ఇటలీ, బ్రెజిల్‌తో పాటు మన దేశపు స్త్రీలు కూడా పాల్గొన్నారు. మొత్తం 500 మంది. సగం మందికి కరెంటుకు ముందు 6 వారాల పాటు వారానికి ఒకసారి కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ అనే మందులు ఇచ్చి, వెంటనే కరెంటు మొదలుపెట్టారు. 5 ఏళ్ళ తర్వాత వారిలో 100కు 80 మంది జీవించి ఉన్నారు. మామూలు పద్ధతిలో వైద్యం పొందినవారిలో 72 మంది ఉన్నారు. ఈ మందులు చాలాకాలంగా వాడుకలో ఉన్నవే. అయితే ఇవి అందరికీ సరిపోవు. నీరసం, రక్తకణాలు పడిపోవడం వంటి ఇబ్బందులు ఎక్కువ. మీకు తగునా కాదా అన్నది క్యాన్సర్ డాక్టరుగారే నిర్ణయించాలి.

మరొకటి బతికి బయటపడినవారి బాధలకు సంబంధించింది. ఆపరేషన్ తర్వాత కరెంటు పెట్టించుకున్న స్త్రీలలో కొందరికి ఏళ్ళ తరబడి విరేచనాలు, మలంలో రక్తం వంటి పేగు ఇబ్బందులు ఉంటాయి. టాటా మెమోరియల్ వైద్యులు అలాంటి 300 మందిపై చేసిన పరిశోధన 2021లో ప్రచురితమైంది. రోజూ స్కాన్‌తో చూసుకుంటూ పేగును తప్పించి కిరణాలు ఇచ్చే కొత్త పద్ధతిలో, 3 ఏళ్ళలో ఇలాంటి ఇబ్బంది 100కు 21 మందికి వచ్చింది. పాత పద్ధతిలో 42 మందికి వచ్చింది. కొత్త పద్ధతి తమకు వీలవుతుందా అని రోగులు అడగవచ్చు. కాని దాని కోసం నెలల తరబడి ఆగడం మంచిది కాదు.

ఆపడానికి చెప్పే కారణాలు, మా జవాబులు

"విరేచనాలు తట్టుకోలేకపోయాను." కరెంటు మొదలైన రెండు మూడు వారాలకు ఇది చాలామందికి ఉంటుంది. ఓ.ఆర్.ఎస్., గంజి, పల్చని మజ్జిగ తాగండి. కారం, వేపుళ్ళు తగ్గించండి. ఆసుపత్రిలో ఆ రోజే చెప్పండి, బిళ్ళలు ఇస్తారు. ఊరికి వచ్చేయడం దీనికి మందు కాదు.

"రక్తం లేదన్నారు." రక్తం ఎక్కించవలసి వస్తే ఇంటిలోని మగపిల్లలు, బంధువులు ముందుకు రండి. రక్తం ఇస్తే బలం పోదు.

"పొగాకు వేలం అయ్యాక పోదామనుకున్నాము." కలిగిరిలోనో, డి.సి.పల్లిలోనో బేళ్ళు అమ్ముడయ్యేదాకా ఆగుదామనుకునే కుటుంబాలు ఉన్నాయి. డబ్బు ఇబ్బంది మాకు తెలుసు. ఈ వైద్యానికి ఇదివరకు ఆరోగ్యశ్రీగా ఉన్న డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవ వర్తిస్తుంది. బియ్యం కార్డు, ఆధార్ కార్డు తీసుకుని వెళ్ళండి. మీరు వెళ్ళే ఆసుపత్రి ఈ పథకంలో ఉందో లేదో ముందే కనుక్కోండి, పక్క రాష్ట్రం వెళ్ళేవారు మరీ ముఖ్యంగా. తిరుపతిలో స్విమ్స్‌తో పాటు 2022లో ప్రారంభమైన శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఉంది. నెల్లూరు నుంచి రైలులో వెళ్ళేవారికి క్యాన్సర్ రోగి రాయితీ ఉంది. దాని ఫారం వైద్యం చేసే ఆసుపత్రిలోనే ఇస్తారు.

"రోజూ తిరగలేము." నిజమే. ఉదయగిరి నుంచి నెల్లూరే సుమారు 100 కిలోమీటర్లు. అందుకే 8 వారాలు ఆసుపత్రి దగ్గరే ఉండేటట్లు ఏర్పాటు చేసుకుని వెళ్ళండి. తక్కువ ఖర్చుతో ఉండే చోటు కోసం ఆసుపత్రి సోషల్ వర్కరును అడగండి.

"పసరు మందు వాడుతున్నాము, ప్రార్థన చేయించుకుంటున్నాము." పసరు మందులు ఈ క్యాన్సర్‌ను నయం చేయలేవు, కొన్ని మూత్రపిండాలను చెడగొడతాయి. ప్రార్థనకూ వైద్యానికీ పోటీ లేదు. ప్రార్థన చేయించుకుని కరెంటుకు వెళ్ళండి.

ఇప్పటికే ఆపేసి వచ్చారా? సిగ్గుపడి ఇంట్లో ఉండిపోవద్దు. డాక్టరుగారు కోప్పడతారని భయపడవద్దు. ఫైలు తీసుకుని ఈ వారమే తిరిగి వెళ్ళండి, లేదా ముందు మా దగ్గరకు రండి. ఆలస్యం ఎంత తక్కువైతే అంత మేలు.

సంఘ కుటుంబాలకు ఒక మనవి. ఈ 8 వారాలు ఆ ఇంటి పిల్లలకు అన్నం పెట్టేవారు, పశువులకు మేత వేసేవారు, వారం వారం తోడుగా ఆసుపత్రిలో ఉండేవారు కావాలి. వంతులు వేసుకుని ఈ పనులు పంచుకుంటే ఒక తల్లి వైద్యం పూర్తవుతుంది. పరామర్శకు తీసుకువెళ్ళే పండ్లకంటే ఇది ఎక్కువ సహాయం.

కరెంటు ముగిసిన తర్వాత

మొదటి 2 ఏళ్ళు 3 లేక 4 నెలలకు ఒకసారి, ఆ తర్వాత 5 ఏళ్ళు నిండేవరకు 6 నెలలకు ఒకసారి పరీక్షకు వెళ్ళాలి. జబ్బు తిరగబెడితే ఎక్కువగా మొదటి 2, 3 ఏళ్ళలోనే కనిపిస్తుంది. బాగున్నాము కదా అని మానవద్దు.

కొన్ని ఇబ్బందులు నెలలు, ఏళ్ళు గడిచాక రావచ్చు.

మలంలో రక్తం పడితే మొలలు అనుకుని మొలల వైద్యం చేసేవారి దగ్గరకు వెళ్ళవద్దు. కరెంటు పడిన పేగుకు కోత, సూది పెడితే పుండు మానకపోవచ్చు. కరెంటు పెట్టిన డాక్టరుగారికే చూపించండి.

కాలు వాస్తే బోదకాలు అని తేల్చుకోవద్దు. జబ్బు వల్ల గాని, వైద్యం వల్ల గాని నీరు దిగక వాపు రావచ్చు. తొందరగా వస్తే కట్టు, వ్యాయామంతో అదుపులో ఉంటుంది.

వయసులో ఉన్నవారికి ముట్లు ఆగిపోతాయి. ఒళ్ళు వేడెక్కడం, చెమటలు, ఎముకల బలహీనత వస్తాయి. దీనికి మందులు ఉన్నాయి, అడగండి.

యోనిమార్గం పొడిబారి కుంచించుకుపోవచ్చు. అలా కాకుండా ఆసుపత్రిలో ఒక చిన్న గొట్టంలాంటి పరికరం వాడటం నేర్పుతారు. నర్సమ్మను అడగడానికి మొహమాటపడవద్దు. లోపలి పుండు మానిన తర్వాత డాక్టరుగారి సలహాతో భార్యాభర్తలు మామూలుగా కలిసి ఉండవచ్చు. దానివల్ల భర్తకు క్యాన్సర్ అంటదు, భార్యకు జబ్బు తిరగబెట్టదు. ఈ భయంతో భార్యను దూరం పెట్టే భర్తలు ఈ మాటలు రెండుసార్లు చదవాలి.

మంచానికే పరిమితం కావద్దు. పెద్దపేగు క్యాన్సర్ వైద్యం ముగిసిన 889 మందిపై జరిగి 2025లో ప్రచురితమైన పరిశోధనలో, శిక్షకుల సాయంతో 3 ఏళ్ళు వ్యాయామం చేసినవారిలో 8 ఏళ్ళకు 100కు 90 మంది జీవించి ఉన్నారు. సలహా పుస్తకం మాత్రమే అందుకున్నవారిలో 83 మంది ఉన్నారు. అది వేరే క్యాన్సర్ గనుక ఈ లెక్క ఇక్కడ అలాగే వర్తిస్తుందని చెప్పము. అయినా ఉదయం, సాయంత్రం నడవడం వల్ల నీరసం తగ్గుతుంది, నిద్ర పడుతుంది.

ఇంటిలోని మిగతా ఆడవారికి

ఒకరికి ఈ జబ్బు వచ్చిన ఇంటిలో మిగతావారైనా ముందుగా మేలుకోవాలి. తమిళనాడులో దిండిగల్ జిల్లా అంబిలిక్కైలోని క్రిస్టియన్ ఫెలోషిప్ ఆసుపత్రి 2000లో ఒక పని మొదలుపెట్టింది. శిక్షణ పొందిన నర్సులు 30 నుంచి 59 ఏళ్ళ స్త్రీల ముఖద్వారానికి పల్చని వెనిగర్ వంటి ద్రవం అద్ది చూశారు. తెల్లమచ్చ కనిపించినవారికి అక్కడే చల్లదనంతో ఆ మచ్చను కరిగించే వైద్యం చేశారు. 2007లో ప్రచురించిన ఫలితాల ప్రకారం పరీక్షకు పిలిచిన గ్రామాలలో ఈ క్యాన్సర్ మరణాలు 35 శాతం తగ్గాయి. మనలాంటి మెట్ట పల్లెలలోనే, నర్సుల చేతులమీదుగానే ఇది జరిగింది.

మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్ష చేసినందుకే మరణాలు దాదాపు సగానికి తగ్గాయని 2009లో తేలింది. కాబట్టి 30 ఏళ్ళు దాటిన ప్రతి స్త్రీ, ఏ బాధా లేకపోయినా, 5 ఏళ్ళకు ఒకసారి ముఖద్వారం పరీక్ష చేయించుకోవాలి. మీ ఊరి ఏ.ఎన్.ఎం.ను, ఆశా కార్యకర్తను అడగండి. 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు ఈ వైరస్ రాకుండా టీకా ఉంది. దాని గురించి కూడా డాక్టరుగారిని అడగండి.

ఈ పత్రికను చదివి పక్కన పెట్టేయవద్దు. మీ వీధిలో కరెంటు పెట్టించుకుంటున్న తల్లి ఎవరైనా ఉంటే వెళ్ళి ఆమెకు చదివి వినిపించండి. "ఇంకా ఎన్ని రోజులు ఉందమ్మా? మేమేం చేయాలి?" అని అడగండి. 56 రోజులూ పూర్తయ్యేవరకు ఆమెకు తోడుగా నిలవండి.